దోస్తుతో దేశం దాటితే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో వీపున సంచి తగిలించుకుని జంటగా విదేశం పోయే దోస్తులవే ఎక్కువ. అందులోనూ వియత్నాం పోయేవారివి.

ప్రశ్న: చేతి సంచి 7 కిలోలే అని టికెట్‌లో ఉంది. అమ్మేమో తొక్కు, కారప్పొడి, సకినాలు, ఎండు కొబ్బరి పెడతానంటున్నది. ఏవి పోతయి, ఏవి ఆగుతయి?
– మిర్యాలగూడ పాఠకుడు

జవాబు: సకినాలకు అడ్డు లేదు. కాకపోతే వీపు సంచిలో రెండో రోజుకే పిండి అవుతాయి, గట్టి డబ్బాలో పెట్టండి. తొక్కు నూనె సరుకు కాబట్టి ద్రవాల లెక్కలోకి వస్తుంది. చేతి సంచిలో ద్రవం సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు. కారప్పొడిని కళ్లల్లో కొట్టే సరుకుగా చూస్తారు కాబట్టి విమానంలోకి చేతిలో తీసుకుపోనివ్వరు. ఈ రెండూ కౌంటర్లో అప్పగించే లగేజీలో పోవాల్సిందే. ఎండు కొబ్బరి చిప్పలు ఇంట్లోనే వదిలేయండి. నూనె ఎక్కువ, తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. పవర్ బ్యాంకు సంగతి దీనికి తలకిందులు, అది చేతి సంచిలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్లు, మామూలు పరిమితి 100. అంకెలు అరిగి కనిపించని పవర్ బ్యాంకును చెకింగ్‌లో ఆపే అవకాశం ఉంది.

ఇక తూకం. 40 లీటర్ల ఖాళీ సంచే కిలోన్నర ఉంటుంది. నాలుగు జతల బట్టలు రెండున్నర కిలోలు, చెప్పులు అరకిలో, ఛార్జర్లు–పవర్ బ్యాంకు 700 గ్రాములు, మందులు–సబ్బు మరో 700. అప్పుడే దాదాపు 6 కిలోలు. అమ్మకు మిగిలేది ఒక్క కిలో! తొక్కు తప్పదనుకుంటే ఇద్దరూ కలిసి ఒకే లగేజీ కొనండి, అదీ ఆన్‌లైన్‌లో ముందే. కౌంటర్లో కొంటే ధర మండిపోతుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. శంషాబాద్ నుంచి వియత్నాంలోని హనోయికి కొన్న లగేజీ, అక్కడినుంచి అదే దేశంలోని డా నాంగ్‌కు విడిగా తీసుకున్న టికెట్‌కు వర్తించదు. దానికి మళ్లీ కొనాలి.

సంచి వేసుకునేటప్పుడు ముందు నడుం పట్టీని తుంటి ఎముకల మీద బిగించి, తర్వాతే భుజం పట్టీలు లాగండి. బరువంతా తుంటి మోయాలి. ఆ పట్టీని వదులుగా వేలాడదీసుకు తిరిగేవాళ్లే సాయంత్రానికి మెడ పట్టుకుంటారు. బరువైనవి వీపుకు ఆనేట్టు సర్దండి. వాన కవరు వీపు వైపు కప్పదు, బట్టలు ముందే ప్లాస్టిక్ కవర్లో కట్టుకోండి.

ప్రశ్న: ఇమిగ్రేషన్‌లో ఏం అడుగుతారు? ఇద్దరం ఒకేసారి నిలబడొచ్చా?
– వనపర్తి పాఠకుడు

జవాబు: ఒక్కొక్కరినే పిలుస్తారు. ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటారు, తిరుగు టికెట్ ఉందా, ఖర్చుకు పైసలున్నాయా అని అడుగుతారు. ‘హోటల్ పేరు మా దోస్తుకు తెలుసు సార్’ అన్న జవాబుతోనే అసలు తిప్పలు మొదలు. దోస్తేమో అప్పటికే అవతల గేటు దాటి సెల్ఫీ తీసుకుంటుంటాడు. టికెట్లు, వీసా, గది చిరునామా ఇద్దరి దగ్గరా కాగితం మీద ఉండాలి. ఫోన్‌లో మాత్రమే ఉంటే బ్యాటరీ అయిపోయిన నిమిషానే అధికారి అడుగుతాడు.

వియత్నాం ఈ-వీసా ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. తప్పు రాస్తే వెనక్కి రావు. మన ఇంటిపేర్లే పెద్ద చిక్కు. పాస్‌పోర్టులో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీ, కొందరికి ఒక్క అక్షరం. మీరు ఇంట్లో రాసుకునే వరస కాదు, ఫొటో పేజీ అడుగున ‘<<’ గుర్తులతో ఉన్న వరుసలో ఎలా ఉందో అలాగే నింపండి. పుట్టిన తేదీలో రోజు, నెల తారుమారు కాకుండా చూసుకోండి. వీసా మొదలయ్యే తేదీకి ఒక్కరోజు ముందు దిగినా వెనక్కి పంపుతారు.

ప్రశ్న: పైసల దగ్గర లొల్లి రాకుండా ఎట్ల?
– కల్వకుర్తి పాఠకురాలు

జవాబు: ఇద్దరూ సమానంగా వేసిన ఉమ్మడి పర్సు ఒకటి పెట్టుకోండి. గది, టాక్సీ, మంచినీళ్లు అందులోంచి. తిండి మాత్రం ఎవరిది వారిదే. ఒకరు అన్నం–కూరతో సరిపెట్టుకుని ఇంకొకరు పీతలు తింటే సగం–సగం బిల్లు ఎన్నాళ్లో సాగదు.

వియత్నాంలో 20,000 డాంగ్ నోటు నీలం, 5,00,000 నోటూ నీలమే. తేడా 25 రెట్లు. రాత్రిపూట టాక్సీ దిగేటప్పుడే ఈ పొరపాటు జరుగుతుంది. పెద్ద నోట్లు వేరే అరలో పెట్టి, ఇచ్చేముందు సున్నాలు లెక్కపెట్టండి. కార్డు గీకినప్పుడు ‘రూపాయల్లో కట్టాలా?’ అని మిషన్ అడిగితే వద్దని డాంగే ఎంచుకోండి. రూపాయల రేటులో వాళ్ల కమీషన్ కలిసి ఉంటుంది. ఇద్దరి కార్డులూ ఒకే పర్సులో పెట్టొద్దు.

ప్రశ్న: సూర్యాపేటలో రోజూ బైక్ నడిపేవాళ్లం. అక్కడ కిరాయికి తీసుకోవచ్చా?
– సూర్యాపేట పాఠకుడు

జవాబు: బండి ఇచ్చేవాడు అడగడు, ప్రమాదం జరిగాక బీమా కంపెనీ అడుగుతుంది. మన ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి దేశాల మధ్య రోడ్డు రవాణా ఒప్పందం కిందిది, వియత్నాం 1968 ఒప్పందంలో ఉంది. కాబట్టి అక్కడ అది చెల్లదు, ఆసుపత్రి బిల్లు మీదే. థాయ్‌లాండ్‌లో చెల్లుతుంది, కానీ మీ లైసెన్సులో మోటార్‌సైకిల్ కూడా ఉండాలి. వియత్నాంలో కొండదారులు చూడాలంటే స్థానిక డ్రైవర్ వెనక కూర్చోవడమే మేలు. బండి తీసుకున్నా పాస్‌పోర్టు తాకట్టు పెట్టొద్దు, నగదు డిపాజిట్ ఇచ్చి గీతలన్నీ వీడియో తీసుకోండి.

నడిచేటప్పుడూ గుర్తుంచుకోండి. వియత్నాంలో బండ్లు కుడివైపు నడుస్తాయి, ముందు చూడాల్సింది ఎడమకు. రోడ్డు దాటేటప్పుడు ఒకే వేగంతో మెల్లగా నడవాలి. బైకులవాళ్లు మీ నడకను అంచనా వేసి పక్కకు తప్పుకుంటారు. మధ్యలో ఒకరు ముందుకు, ఒకరు వెనక్కి లాక్కుంటేనే ప్రమాదం.

ప్రశ్న: మా దోస్తు శాకాహారి. ఏం తినాలె?
– జడ్చర్ల పాఠకుడు

జవాబు: కూరగాయల వంటకంలోనూ చేపల సాస్ పడుతుంది. ‘చికెన్ వద్దు, మటన్ వద్దు’ అంటే సరిపోదు. వియత్నాంలో ‘చై’ అని రాసిన హోటల్ చూడండి, అంటే శాకాహారం. చెవికి మన చాయ్‌లా వినిపిస్తుంది కాబట్టి చాయ్ కోసం లోపలికి పోతే టోఫూ (సోయాపాల పనీర్) వస్తుంది. థాయ్‌లాండ్‌లో పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలుంటే అదే అర్థం.

ప్రశ్న: వాడి గురకకు నాకు నిద్ర లేదు. గది మార్చితే అలుగుతాడు.
– దేవరకొండ పాఠకుడు

జవాబు: హాస్టల్ డార్మిటరీలో వాడికి మూలన ఉన్న కింది మంచం ఇప్పించండి, మీరు అవతలి వరసలోది తీసుకోండి. మెత్తటి ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు చవక. వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి పెట్టి, ఉబ్బేదాకా అరనిమిషం వేలితో అదిమి ఉంచాలి. ఊరికే కుక్కితే రాత్రి రాలిపోతాయి. అవి పెట్టుకుంటే అలారం వినిపించకపోవచ్చు. తెల్లారి బస్సుంటే లేపే బాధ్యత గురక పెట్టే దోస్తుదే.