పది వేల పర్షియన్, నలభై వేల పర్షియన్

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒకరు పర్షియన్ పిల్లికూనను 10 వేలకే ఇస్తామంటున్నారు, ఇంకొకరు 40 వేలు అడుగుతున్నారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఏది కొనాలి?
– ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: బొచ్చు చూసి తేల్చకండి. 40 వేలు ఇవ్వాలంటే వంశావళి పత్రం, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) నంబరు, తల్లిదండ్రుల పీకేడీ జన్యుపరీక్ష రిపోర్టు మీ చేతికి రావాలి. పీకేడీ అంటే మూత్రపిండాల్లో నీటితిత్తులు పెరిగే వంశపారంపర్య జబ్బు. తల్లిదండ్రుల్లో ఒక్కదానికున్నా కూనకు వచ్చే అవకాశం సగం. చిన్నప్పుడు ఏమీ కనిపించదు, ఏళ్లు గడిచాక బయటపడుతుంది. కాగితాలు లేకుంటే ఎంత పోసినా మీరు కొన్నది బొచ్చుపిల్లినే, జాతిపిల్లిని కాదు. దానికి 10 వేలే ఎక్కువ!

వయసు 12 వారాలు నిండాలి. అయిదారు వారాలకే తల్లి నుంచి విడదీస్తే విరేచనాలు, జలుబు పట్టుకుంటాయి. చవగ్గా కొని మిగుల్చుకున్న డబ్బు డాక్టరుకే పోతుంది. త్రీ-ఇన్-వన్ టీకా (మూడు పిల్లిజబ్బులకు కలిపి వేసేది) తొలి డోసు 8 వారాలకు, తర్వాత 3-4 వారాలకోసారి, 16 వారాలు వచ్చేదాకా. రేబిస్ టీకా 12 వారాలు దాటాక. కార్డు మీద టీకా స్టిక్కరు, డాక్టరు సంతకం ఉన్నాయో లేదో చూడండి.

ముక్కు బాగా అణిగిన ‘పంచ్ ఫేస్’కు ఇంకా ఎక్కువ చెబుతారు. మా సలహా అయితే వద్దు: ఊపిరి ఇబ్బంది, ఎప్పుడూ కారే కళ్లు, వరంగల్ ఎండలకు ఏసీ. తల్లిపిల్లిని చూపించనివారికి అడ్వాన్సు పంపకండి.