వినికిడి మెషిన్ బదులు మామూలు ఇయర్‌బడ్స్ వాడొచ్చా?

నాన్నగారికి టీవీ మాటలు సరిగ్గా వినపడటం లేదు, మెషిన్ ఖరీదు చూస్తే టెన్షన్‌గా ఉంది, ఇయర్‌బడ్స్‌తో సరిపెట్టవచ్చా అని ఒకరు అడిగారు. లోపం కొద్దిగానో, మధ్యస్థంగానో ఉంటే, వినికిడికి తగ్గట్టు సర్దుకునే ఇయర్‌బడ్స్ కొంతవరకు వాడొచ్చు.

వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేది సన్నని (హై పిచ్) శబ్దాలు. స, శ, త లాంటివి జారిపోయి ‘సారు’ కాస్తా ‘ఆరు’ అయిపోతుంది. అందుకే వాళ్లు ‘వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు’ అంటారు. అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచితే గోల పెరుగుతుందే తప్ప మాట తేటపడదు. ఏ శబ్దం ఎంత తగ్గిందో కొలిచి, అందుకు తగినంతే పెంచాలి. ఆపిల్ కంపెనీ ఇయర్‌బడ్స్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2 ఈ పని చేస్తుంది. ఐఫోన్‌లోనే వినికిడి పరీక్ష చేసి, దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను పరిశీలించే ఎఫ్‌డీఏ 2024 సెప్టెంబరులో ఈ సదుపాయానికి అనుమతిచ్చింది, అదీ 18 ఏళ్లు నిండినవారికే. మన దేశంలో ఈ సదుపాయం ఉందో లేదో కొనేముందు ఆపిల్ సైట్‌లో చూసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే, చుట్టుపక్కల మాటలను ఇయర్‌ఫోన్స్‌లో పెంచి వినిపించే సౌండ్ యాంప్లిఫయర్ యాప్ ఉచితం, ముందు దాన్ని ప్రయత్నించండి.

ఇయర్‌బడ్స్‌కి ఛార్జింగ్ కొన్ని గంటలే వస్తుంది, రోజంతా పెట్టుకోవడానికి కుదరదు. పెళ్లిలోనో, బ్యాంకులోనో పెట్టుకుంటే ‘పాటలు వింటున్నాడు’ అనుకుని ఎదుటివాళ్లు మాట్లాడటమే మానేస్తారు. ఇది చిన్న విషయం కాదు.

ఒక చెవే తగ్గినా, హఠాత్తుగా వినపడకపోయినా, చీము, నొప్పి, కళ్లు తిరగడం ఉన్నా వెంటనే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. కొన్నిసార్లు గుబిలి తీయిస్తే చాలు! ఆదాయం తక్కువైతే కేంద్రం, వికలాంగులకు పరికరాలిచ్చే ‘అడిప్’ పథకంలో మెషిన్ ఇస్తుంది. సికింద్రాబాద్‌లో, వినికిడి లోపాల జాతీయ సంస్థ అయిన అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో అడగండి.