కట్టెలు ఆరాలంటే ఎండ ఒక్కటే చాలదండీ

ప్రశ్న: సార్, మాది మంగళగిరి దగ్గర, కట్టెల పొయ్యి మీద బిర్యానీ వండి అమ్ముతాం. అడితి నుంచి వచ్చే సుబాబుల్ పచ్చిగా ఉంటోంది, వానాకాలం అయితే పొగ తప్ప మంట లేదు. ప్లాస్టిక్ షీట్‌తో టెంట్‌లా కట్టి గాలి దూరకుండా మూసేసి ఆరబెట్టాం, లోపల ఉక్కకి నిలబడలేం గానీ కట్టెలకి బూజు పట్టింది. ఎందుకని?

జవాబు: గాలి దూరకుండా అన్నారు చూడండి, అక్కడే వచ్చింది తంటా. పచ్చి కట్టె బరువులో సగం నీళ్లే అనుకుందాం, 100 కిలోల కట్టెలు 20 శాతం తేమకి రావాలంటే 37 లీటర్ల పైన నీళ్లు బయటికి పోవాలి, మీరేమో దారి మూసేశారు, పగలు లేచిన ఆవిరి రాత్రికి షీట్‌కి పట్టి మళ్లీ కట్టెల మీదే కారుతుంది, బూజు పట్టక ఏం చేస్తుంది!

కింద ఒక పక్క జానెడు సందు, పైన ఎదురు పక్క ఇంకో సందు వదలండి. వేడి గాలి పైనుంచి పోతూ కింద నుంచి కొత్త గాలిని లాక్కుంటుంది. వానాకాలం బయట గాలే చెమ్మ కదా అంటారేమో, 30 డిగ్రీల్లో 85 శాతం తేమ ఉన్న గాలి లోపల 45 డిగ్రీలకి వేడెక్కితే ఆ తేమ 40 శాతం లోపుకి పడిపోతుంది, ఇక కట్టెల్లో నీళ్లు బాగానే లాగుతుంది. కట్టెలు నేల మీద కాకుండా చెక్క ప్యాలెట్ల మీద, మధ్యలో సందులు వదిలి పేర్చండి.

మిర్చికి కప్పే పట్టాలు వద్దు, వాటిలోంచి ఎండ దిగదు. పాలీహౌస్‌కి వాడే 200 మైక్రాన్ల యూవీ షీట్ తీసుకోండి. యూట్యూబ్‌లో చలిదేశాల వాళ్లు దక్షిణానికి బాగా ఏటవాలుగా కడతారు, మనకి అంత అక్కర్లేదు, మే మొదట్లో, ఆగస్టు మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తి మీదే ఉంటాడు, వాన నీళ్లు జారిపోయేంత వాలు చాలు. తుఫాను రోజులు కాబట్టి తాళ్లు మాత్రం గట్టిగా కట్టండి.

అన్నిటికన్నా ముందు మొద్దుల్ని చీల్చండి, బెరడులోంచి తేమ సరిగా రాదు, మొద్దు మొద్దుగా పెడితే ఏ టెంటూ ఏం చెయ్యలేదు. నన్నడిగితే ఏప్రిల్, మే నెలల్లో దీనికి ఖర్చే దండగ, చీల్చి ఎండలో పేర్చుకుంటే చాలు.

ఆరాయో లేదో తెలియాలంటే నాలుగైదు పేళ్లకి గుర్తుపెట్టి వారానికోసారి కాటా వెయ్యండి, బరువు తగ్గడం ఆగిందంటే పొయ్యిలో పెట్టుకోవచ్చు.