ఫోన్‌తో కొలిచిన ప్రతిసారీ విస్తీర్ణం మారుతుంటే

అన్నా, హోస్కోటె దగ్గర మామిడితోట చుట్టూ ఫోన్ పట్టుకుని నడిచిన ప్రతిసారీ గుంటల లెక్క మారుతోందన్నారు కదా. ఫోన్‌కేమీ కాలేదు, కంగారుపడకండి. ఆరుబయట కూడా ఫోన్ జీపీఎస్ సుమారు 5 మీటర్లు అటూఇటూ చూపిస్తుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. చదరంగా ఉన్న ఎకరానికి ఒక్కో పక్క 64 మీటర్లే. అందుకే తేడా గుంటల్లో తేలుతోంది.

నడుస్తూ గీయడం మానేయండి. క్యూఫీల్డ్‌లో (పొలం దగ్గర ఫోన్‌తో కొలతలు తీసుకునే మ్యాపు యాప్) జీపీఎస్ చూపించే చోట్ల సగటు తీసే ఆప్షన్ ఉంది. అది ఆన్ చేసి, ఫోన్‌ని మూలరాయి మీద కదలకుండా పెట్టి, రాయికొక పాయింటు తీసుకోండి. కొమ్మలు కప్పిన మూలని ఇంకో పూట మళ్లీ తీసి పోల్చండి.

విస్తీర్ణం లెక్కకి క్యూజీఐఎస్‌లో (కంప్యూటర్‌లో వాడే మ్యాపు సాఫ్ట్‌వేర్) యూటీఎం 43 ఉత్తరం పెట్టండి; యూటీఎం అంటే భూమిని నిలువు జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి, 43 జోన్ నంబరు. కోలారు వైపైతే 44, ఎందుకంటే ఈ రెండు జోన్లకీ హద్దైన 78 డిగ్రీల రేఖాంశం ఈ రెండు ఊళ్ల మధ్యనుంచే పోతుంది.

గట్టు తగాదా ఉంటే మాత్రం సర్వేయర్‌నే పిలిపించండి.