గ్యారేజ్ సర్దుకుంటున్న మేనల్లుడికి

చిన్నా,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. గ్యారేజ్ గోడలకి, సీలింగ్‌కి డ్రైవాల్ (జిప్సం పలకలు) వేసి, నేలకి ఎపాక్సీ (గట్టిపడే పూత) పోసి, షెల్ఫులు బిగించి, ఓ మూల చేపల వేపుడికి గ్యాస్ పొయ్యి కూడా పెడుతున్నావట. సొంత ఇల్లు, నీ చేత్తో నువ్వే చేసుకుంటున్నావు. విని ఎంత సంతోషం వేసిందో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చిన్న పనులు ముందు చెప్పేస్తా. ఎపాక్సీకి ముందు అడుగున్నర ప్లాస్టిక్ షీటు ముక్కని నేలకి నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలెయ్. దాని అడుగున చెమ్మ పడితే ఆగు, వేసినా లేచిపోతుంది. షెల్ఫు స్క్రూలు స్టడ్‌లోకే, అంటే గోడ లోపల నిలువుగా ఉండే కర్రలోకే దిగాలి, మామూలుగా 16 అంగుళాలకొకటి ఉంటుంది. బియ్యం బస్తాలు అక్కడ పెట్టకు, ఎలకలు చేరతాయి. గ్యారేజ్ పెద్ద తలుపు పైనున్న స్ప్రింగ్ జోలికి నువ్వు పోకు, పని తెలిసినవాణ్ణి పిలువు.

ఇక డ్రైవాల్ సంగతి.

మేం మిచిగన్‌లో మొదటి ఇల్లు కొన్న ఏడాది మీ అమ్మమ్మ తెనాలి నుంచి వచ్చింది. గ్యారేజ్ పైనున్న గది ఆవిడకిచ్చాం. అంతకుముందే నేను గ్యారేజ్ సీలింగ్‌కి రెండు ట్యూబ్‌లైట్లు పెట్టుకున్నాను. వైరు కోసం కోసిన కన్నం అరచేయంత ఉంది. తర్వాత మూద్దాంలే అనుకున్నా. కింద అటక కట్టి అట్టపెట్టెలు ఎక్కించేశాక అది కంటికే కనబడలేదు.

జనవరిలో పొద్దున్నే పెద్ద తలుపు ఎత్తేసి, కారు స్టార్ట్ చేసి, పది నిమిషాలు వేడెక్కనిచ్చేవాణ్ణి. తలుపు తీసే ఉంది కదా అని ధీమా. అమ్మ రోజూ తలనొప్పి అనేది, నుదుటికి శొంఠి పట్టు వేసుకునేది. ఈ చలి పడట్లేదు నాయనా, అనేది. నేనూ సరే చలే అనుకున్నాను. శనాదివారాలు నొప్పి ఉండేది కాదు. ఆ రెండు రోజులూ నేను పొద్దున్నే కారు తీయనని నాకు తట్టనే లేదు రా.

ఒకరోజు ఆఫీసుకి బయల్దేరబోతూ కాఫీ గ్లాసుతో పైకెళితే, మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. కాళ్లు రావట్లేదురా అంది. అలాగే ఎత్తుకుని మంచులోకి తెచ్చేశా, ఒంటి మీద చీర తప్ప ఏమీ లేదు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. కారు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఆ కన్నంలోంచే పై గదికి ఎక్కింది. దానికి రంగు లేదు, వాసన లేదు. మాస్కు కింద నుంచే నా చెయ్యి పట్టుకుని, నువ్వు అన్నం తిన్నావా, అని అడిగింది.

అందుకే కోప్పడుతున్నా, విను. పైపు, వైరు వెళ్లే ప్రతి కన్నం ఫైర్ సీలెంట్‌తో (మంటని ఆపే పూడిక ముద్దతో) మూశాకే సామాను చేర్చు. గ్యారేజ్‌లోంచి ఇంట్లోకి వచ్చే తలుపు దానంతటదే గట్టిగా మూసుకోవాలి. కారు స్టార్ట్ చేస్తే ఆ క్షణమే బయటికి తియ్. మీ గ్యారేజ్ పై గదిలో, ఆ గది బయటి నడవలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టు. ఆ పొయ్యి గ్యారేజ్‌లో వద్దే వద్దు. వాసన భయమైతే పెరట్లో వేయించుకో, చలేస్తే స్వెట్టరు వేసుకో నాన్నా.

డిసెంబరులో మీ అమ్మ వస్తే ఆ పై గదే ఇస్తానన్నావట. ఆలోపు ఒక శనివారం నేనొస్తా. టార్చి, సీలెంట్ గొట్టాలు నేనే తెస్తాను. నేను చూసేదాకా గోడకి ఏమీ ఆనించకు.

మీ మావయ్య