తిరుపతి పిన్‌కోడ్ ప్రధాన సంఖ్యేనా?

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. మన పిన్‌కోడ్ 517501ని ఏదీ భాగించడం లేదమ్మా అంటోంది. రెండు నుంచి పదకొండు దాకా చూసి ఆపేశాం. ఇది నిజంగా ప్రధాన సంఖ్యేనా? కంప్యూటర్ లేకుండా తేల్చుకోవచ్చా? – ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ప్రధాన సంఖ్యే అమ్మా, అనుమానం లేదు. కాగితం మీదే తేల్చుకోవచ్చు, కాకపోతే పదకొండు దగ్గర ఆగితే చాలదు, 719 దాకా వెళ్లాలి. ఒక సంఖ్యను రెండు సంఖ్యల లబ్ధంగా రాస్తే అందులో చిన్నది వర్గమూలాన్ని దాటదు కదా; 719 వర్గం 516961, 720 వర్గం 518400, మనది ఈ రెండింటి మధ్య ఉంది. 719 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు 128. ఎక్కువే, కానీ సెలవుల్లో రోజుకు కొన్ని చేస్తే అయిపోతాయి, పాప చేత తప్పకుండా చేయించండి.

అన్నిటికీ భాగహారం అక్కర్లేదు కూడా. 7, 11, 13 గుణిస్తే 1001. 517ని 1001తో గుణిస్తే 517517, అందులోంచి 16 తీసేస్తే మన పిన్‌కోడ్. 16ని ఆ మూడింటిలో ఏదీ భాగించదు కాబట్టి 517501నీ భాగించదు. ఒక్క తీసివేతతో మూడు భాగహారాలు తప్పాయి! అలాగే 999 అనేది 37 గుణిజం కనుక, 37 కోసం రెండు ముక్కల్నీ కలిపి చూస్తే చాలు: 517, 501 కలిపితే 1018, శేషం మిగులుతుంది. చిత్తూరు 517001కి అదే చేయండి, 517కి 1 కలిపితే 518, అంటే సరిగ్గా 37 × 14. చిత్తూరు పిన్‌కోడ్ ప్రధానం కాదన్నమాట, అది 37 × 89 × 157.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఇంకోటి. 4తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా, అదీ ఒకే ఒక్క రకంగా రాయొచ్చని 17వ శతాబ్దంలో ఫెర్మా చెప్పాడు, తర్వాతి శతాబ్దంలో ఆయిలర్ నిరూపించాడు. మనదీ అలాంటిదే: 699 వర్గం 488601, 170 వర్గం 28900, కలిపి చూడండి. ఇంకో జత ఎంత వెతికినా దొరకదు. వెతకడానికీ ఒక దారుంది, ఏ వర్గాన్నైనా 5తో భాగిస్తే శేషం 0, 1, 4 మాత్రమే వస్తాయి, మన మొత్తానికి 1 రావాలి, కాబట్టి జతలో ఒకటి 5 గుణిజమై తీరాలి. పని అక్కడే బాగా తగ్గిపోతుంది.

అయితే ఇందులో అదృష్టం, మహిమ లాంటివి వెతక్కండి. 1972లో పిన్‌కోడ్‌లు వచ్చినప్పుడు అంకెలు ఇచ్చింది ప్రాంతాన్నీ పోస్టాఫీసునీ బట్టే. ఇంత పెద్ద సంఖ్యల్లో సగటున పదమూడింటికి ఒకటి ప్రధానం.

తిరుమల 517504 కూడా ఇవ్వండి పాపకి. సరి సంఖ్య కాబట్టి ప్రధానం కాదని చూడగానే తెలుస్తుంది, కానీ పైన 1001తో చేసినట్టే చూస్తే, 517517లోంచి 13 తీసేస్తే 517504, అంటే 13 కూడా దాని కారణాంకమే. మిగతావి తనే పట్టుకుంటుంది.