కర్నూలులో చిన్న డెంటల్ ల్యాబ్‌కు ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలి?

ఆస్తి మొత్తం విలువ 5 కోట్లు దాటదు కాబట్టి చిన్న వ్యాపారాల ఆస్తికిచ్చే 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' పాలసీ చాలు. అగ్నిప్రమాదం, వరద రెండూ అందులోనే వస్తాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకి రావడం చూసినవాళ్లకు వరద సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అసలు చిక్కంతా కరెంటుతోనే. ఓల్టేజీ ఎక్కువై, పళ్ల తొడుగులు చెక్కే మిల్లింగ్ మిషన్ బోర్డు కాలిపోతే ఈ పాలసీ ఆ బోర్డుకు డబ్బివ్వదు; మంట పక్క సామానుకు అంటుకుంటే ఆ నష్టానికే ఇస్తుంది. అందుకే మిల్లింగ్ మిషన్‌కు, స్కానర్‌కు, కంప్యూటర్‌కు ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ విడిగా చేయించండి. దొంగతనానికి బర్గలరీ పాలసీ వేరే.

ప్రీమియం మిగులుతుందని విలువ తగ్గించి రాయించొద్దు. 10 లక్షల సామాను 6 లక్షలకే చూపిస్తే, లక్ష నష్టానికి 60 వేలే లెక్కగడతారు. తేడా 15 శాతం లోపయితే మాత్రం కోత పెట్టరు.